రిజిస్టర్ మూశాక పిలిచిన పేర్లు

పొద్దున ప్రార్థన అయిపోగానే హాజరు పిలిచేవాణ్ణి. రిజిస్టర్‌లో ముప్పై ఒక్క పేర్లుండేవి. అవన్నీ పిలిచి, కింద మొత్తం వేసి, రిజిస్టర్ మూసి బల్ల మీద పెట్టి, ఆ తర్వాత ఇంకో ఏడు పేర్లు పిలిచేవాణ్ణి. ఆ ఏడు ఎక్కడా రాసి లేవు. నాకు నోటికి వచ్చు. రాసి ఉన్న పిల్లలు "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళు. రాసి లేని పిల్లలు "ఉన్న సార్" అనేవాళ్ళు. అట్లా అనమని నేను చెప్పలేదు. ఇంగ్లిషు మాటకు నోరు తిరగక ఆ ఏడుగురిలో ఒక పిల్ల నేను మొదటిసారి పిలిచిన రోజు అట్లా అంది. మిగతా ఆరుగురూ అదే పట్టుకున్నారు.

ఇది ఆ పిల్ల సంగతి. ఆమె పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాయని పేరును రాయక్కర్లేని చోట రాసే హక్కు నాకు లేదు.

భూపాలపల్లి దాటి, అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ బడి. రెండు గదులు, ఒక వరండా, ఒక బోరింగు. నేనే ప్రధానోపాధ్యాయుణ్ణి, చాలాకాలం ఉపాధ్యాయుణ్ణి కూడా నేనొక్కణ్ణే. బడికి కిలోమీటరున్నర లోపల, చెట్ల మధ్య, పది పన్నెండు గుడిసెలు లేచాయి. పక్క రాష్ట్రపు అడవుల్లో గొడవలు ముదిరినప్పుడు ఊళ్ళు వదిలి నడిచి వచ్చినవాళ్ళవి. గొత్తికోయలు అంటారు మావైపు. వాళ్ళ ఇంటి భాష మాకు తెలియదు, మా తెలుగు వాళ్ళకు తెలియదు. మిరపకాయ ఏరడానికి వచ్చారు, ఏరడం అయిపోయాక కూడా పోలేదు. పోవడానికి అక్కడ ఊరు మిగల్లేదని తర్వాత తెలిసింది.

ఆ పిల్లను తండ్రి భుజం మీద ఎక్కించుకుని తెచ్చాడట. నాలుగేళ్ళుంటాయేమో. బడికి వచ్చేనాటికి ఐదో ఆరో. తల్లి గేటు దగ్గర నిలబడి, పిల్లను ముందుకు తోసి, చేత్తో రాస్తున్నట్టు చూపించింది. ఏడుగురు పిల్లల్నీ ఆమే తీసుకొచ్చింది ఆ రోజు.

కాగితాలు లేవని ఏ పిల్లనూ బడి నుంచి తిప్పి పంపకూడదని నాకు తెలుసు. ఆ ఉత్తర్వు నా బీరువాలోనే ఉండేది. పుట్టిన తేదీ తెలియకపోతే జూన్‌లో ఏదో ఒక తేదీ వేసి చేర్చుకోవడం మాకు మామూలే. మా ఊళ్ళ పిల్లల్లో సగం మంది అట్లా జూన్‌లో పుట్టినవాళ్ళే. ఆ ఏడుగురికీ ఏడు జూన్ తేదీలు వేయడానికి నాకు పావుగంట పట్టేది. వేయలేదు.

ఎందుకు వేయలేదో ఇన్నేళ్ళూ రకరకాలుగా చెప్పుకున్నాను. నిజం చాలా చిన్నది. ఆ గుడిసెల్ని ఇవాళో రేపో తీసేస్తారని అందరూ అనుకునేవాళ్ళు. తీసేస్తే పిల్లలు మాయమైపోతారు. రిజిస్టర్‌లో పేర్లుంటే ఏడుగురూ బడి మానేసిన లెక్కలోకి వస్తారు. మా మండలంలో ఒక్క పిల్లా బడి మానని బడిగా మాకు పేరుండేది. గురుపూజోత్సవంనాడు నాకు శాలువా కప్పారు. మరుసటి ఏడు మళ్ళీ కప్పుతారని మాట వినిపించింది. రిజిస్టర్‌లో లేని పిల్ల బడి మానెయ్యదు. అంతే సంగతి.

అందుకని కూర్చోనిచ్చాను. పలకలిచ్చాను. హాజరు పిలిచేటప్పుడు వాళ్ళ పేర్లు రాకపోతే ఆ పిల్ల ఒకరోజు ఏడ్చింది. అప్పటినుంచి రిజిస్టర్ మూశాక పిలవడం మొదలుపెట్టాను. అది నా మంచితనం అనుకున్నాను. మీటింగుల్లో తోటి ఉపాధ్యాయులకు కథగా చెప్పుకుని నవ్వించేవాణ్ణి కూడా.

మధ్యాహ్నం వండిపెట్టే అవ్వకు మాత్రం నవ్వు రాలేదు. గుడ్డు పెట్టే రోజున లెక్క ప్రకారం ముప్పై ఒక్క గుడ్లే వచ్చేవి. వరుసలో ముందున్న పిల్లలు వెనకవాళ్ళను వెక్కిరించేవాళ్ళు.

"రిజిస్టర్ల లేనోళ్ళకు గుడ్డు లేదు! ఒట్టి పప్పే!"

అవ్వ గరిటె ఎత్తి వాళ్ళను బెదిరించి, నావైపు తిరిగింది.

"ఏం సారూ, పేరు లేకుంటె ఆకలి గూడ లేదా?"

"నాదేముంది అవ్వా, లెక్క గట్ల వస్తది."

"లెక్క రాసేది నువ్వే గద. నేనా రాసేది? నాకు ఏలిముద్ర నిశానే వచ్చు."

అని, తన కొంగు నుంచి దారం ఒకటి లాగి, ఉడికిన గుడ్డును దానితో రెండు ముక్కలుగా కోసింది. కత్తితో కోస్తే పచ్చసొన పొడైపోతుందట. ఆ రోజునుంచి అందరికీ కాకుండా కొందరికి సగం గుడ్డు. ఎవరికి సగమో రోజుకోసారి మార్చేది. ఆమెకు చదువు రాదు. ఎవరి వంతు ఎప్పుడో ఒక్కసారీ తప్పలేదు.

రెండేళ్ళు అట్లా గడిచాయి. గుడిసెలు ఎవరూ తీసెయ్యలేదు. పిల్లలు తెలుగు నేర్చారు. ఆ పిల్ల ఎక్కాలు మా ఊరి పిల్లలకంటే ముందు అప్పజెప్పేది.

మూడో ఏడు మా బడికి ఒక మేడం వచ్చారు. చిన్న వయసు, మొదటి ఉద్యోగం. వచ్చిన రోజే రిజిస్టర్ మూశాక నేను పిలిచిన పేర్లు విని, పిల్లలు బయటికి పోయేదాకా ఆగి అడిగారు.

"సార్, గీ ఏడుగురు పిల్లలు ఎన్నేండ్లసంది వస్తున్నరు?"

"వచ్చిపోయేటోళ్ళు మేడం. పనుల కాలంల వస్తరు, మళ్ళ పోతరు."

అబద్ధం. వర్షంలో కూడా మోదుగాకుల గొడుగు పట్టుకుని వచ్చిన పిల్లలు వాళ్ళు.

"మరి మనం రాసుకుందాం సార్ ఇయ్యాల్నే. నేను రాస్త, మీరు సంతకం పెట్టుండ్రి."

కాదనలేకపోయాను. ప్రవేశ రిజిస్టర్‌లో ఆమె ఒక్కొక్కరి పేరూ రాస్తూ పోయారు. వయసును బట్టి ఆ పిల్లను నేరుగా మూడో తరగతిలో వేశాం. "ఇంతకుముందు చదివిన బడి" అని ఒక గడి ఉంటుంది. అక్కడికి వచ్చాక మేడం కలం ఆపి నన్ను చూశారు. ఇదే బడి అని రాస్తే, రెండేళ్ళు ఎందుకు రాయలేదని రేపు ఎవరైనా అడుగుతారు. నేను ఆమె చేతిలోంచి కలం తీసుకుని, నా చేత్తోనే, ఏడు గడుల్లోనూ ఒకే మాట రాశాను.

"లేదు."

తర్వాత నాకు మహబూబాబాద్ వైపు బదిలీ అయింది. దంతాలపల్లి దగ్గరి బడిలో చివరి ఏళ్ళు పనిచేశాను. ఆ పిల్లను దాదాపు మరిచిపోయాను.

పదవీ విరమణ ఇంకా నాలుగు నెలలుందనగా ఒక మధ్యాహ్నం బడి వరండాలో ఒక అమ్మాయి కనిపించింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, జడ బిగించి వేసుకుంది, కాళ్ళకు బూట్లు. నేను గుర్తుపట్టలేదు. దగ్గరికి వచ్చి నవ్వి, "ఉన్న సార్" అంది.

గబుక్కున లేచాను. సంతోషంతోనే. అప్పటికి అది సంతోషమే.

కుర్చీ వేయించాను. ఐదు దాకా మా బడిలో చదివిందని నాకు తెలుసు. ఆరు, ఏడు గోదావరి అవతల, పక్క రాష్ట్రంలోని ఒక మిషన్ హాస్టల్లో చదివిందట. మళ్ళీ ఇటు వచ్చి పది పూర్తి చేసి, చర్చివాళ్ళ సాయంతో నర్సింగ్ చదివింది. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో పనిచేస్తోంది. సర్కారు దవాఖానాల్లో నర్సు ఉద్యోగాలు పడ్డాయి. రాయాలంటే స్థానికురాలని కాగితం కావాలి.

"ఒకటి నుంచి ఏడు దాంక, ఎక్కడ నాలుగేండ్లు చదివితె అక్కడి లోకల్ అంట సార్. నాయి ఇక్కడ మూడే ఉన్నయ్. మూడు, నాలుగు, ఐదు. ఒక్క యేడు తక్కువ వడ్డది."

"ఉన్నట్టు నివాసం సర్టిఫికెట్ తీసుకోరాదు?"

"ఇంటి నంబర్ అడుగుతున్నరు సార్. అడవిల గుడిసెకు నంబరెక్కడిది?"

"ఆధార్ ఉన్నది గద?"

"ఆధార్‌తోని నేను మనిషినని తెలుస్తదట సార్. ఎక్కడి మనిషినో తెల్వదట." అని తనే నవ్వింది. "అక్కడ మా నాయిన వాళ్ళ ఊరికి గూడ పోయిచ్చిన. మీరు పోయినోళ్ళు, మీ పేర్లు ఎప్పుడో కొట్టేసినం అన్నరు. ఇక్కడేమొ మీరు వచ్చినోళ్ళు అంటరు. నాకేమొ పోయింది గుర్తులేదు, వచ్చింది గుర్తులేదు. నాకు గుర్తున్నది మీ బడే."

ఆ తర్వాత ఫైలు తెరిచి, మా పాత బడి నుంచి తెచ్చుకున్న స్టడీ సర్టిఫికెట్ చూపించింది. మూడో తరగతి నుంచే ఉంది.

"గా బడోళ్ళకు ఒకటి, రెండు దొరకలేదట సార్. గా పాత రిజిస్టర్ ఏడనో పోయినట్టున్నది. మీరు రోజు పిలిచినరు గద నా పేరు. మీరు రాసిస్తె అయిపోతది."

ఆమె అనుకుంటున్నది అది. తన పేరు ఒక పుస్తకంలో ఉందని, ఆ పుస్తకం పోయిందని. అసలు లేనేలేదని ఆమెకు తెలియదు.

చెప్పాల్సింది అప్పుడు. "బిడ్డా, పుస్తకం పోలేదు, నేనే రాయలేదు" అని ఒక్క మాట అని, ఆ మాటనే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాల్సింది. నా తలలో తిరిగింది మాత్రం నా పెన్షన్ కాగితాలు. నాలుగు నెలల్లో అవి కదలాలి. తప్పుడు ప్రవేశం రాశానని నేనే రాసిస్తే, ఎవరైనా విచారణ అంటే, అవి ఎన్నాళ్ళు ఆగుతాయో.

"రూల్ ఒప్పుకోదు బిడ్డా," అన్నాను. "నేను ఆ బడి వదిలి చానా ఏండ్లయ్యింది. ఇప్పుడు నేను రాసిస్తె చెల్లదు."

"చెల్లదా సార్?"

"చెల్లదు. అయినా చూద్దాం. జర ఆగు. నేనే ఫోన్ చేస్త."

ఆమె నా నంబరు రాసుకుంది. మెట్లు దిగుతూ ఆగి, "సార్, లాస్ట్ డేట్ ఇరవై దినాలే ఉన్నది" అంది. నేను తల ఊపాను.

ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి మీటింగ్‌లో ఉన్నానని చెప్పాను. రెండోసారి ఎత్తలేదు. ఇరవై రోజులూ అయిపోయాయి.

పదవీ విరమణ చేశాను. శాలువాలు కప్పారు. జనగామలో మా ఇంటికి వచ్చేశాను. ఆ శాలువాలన్నీ మా ఆవిడ ఒక మూటగా కట్టి అటక మీద పెడుతూ, పాత శాలువా ఒకటి తీసి, "ఇది ఎప్పటిది?" అని అడిగింది. అడవి బడి నాటిది, ఆ పిల్లల్ని రాయని ఏడు కప్పింది. అప్పుడు చెప్పాను ఆమెకు అంతా. ఎన్నడూ చెప్పనివి, వరండాలో ఆ అమ్మాయి కూర్చున్న సంగతి, నేను ఫోన్ ఎత్తని సంగతి.

మా ఆవిడ శాలువా మడతపెట్టి నా ఒళ్ళో వేసింది.

"గిది నీకు గా పిల్లలే కప్పిండ్రు. తీస్కపోయి ఇచ్చిరాపో."

మహబూబాబాద్‌కు రైల్లో వెళ్ళాను. శాలువా తీసుకుపోలేదు, సిగ్గయింది. ఆమె పనిచేసే దవాఖానా పేరు ఫైలు మీద చూసినట్టు గుర్తు. అడుగుతూ పోయాను. మందుల కౌంటరు పక్కన బెంచీ మీద గంటసేపు కూర్చున్నాక ఆమె వచ్చింది. ఈసారి "ఉన్న సార్" అనలేదు.

"ఏంది సార్, ఒంట్ల మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న బిడ్డా. నీకోసమే వచ్చిన."

అక్కడే, రోగుల మధ్య, చెప్పేశాను. పుస్తకం పోలేదని. రెండేళ్ళూ ఏ పుస్తకంలోనూ రాయలేదని. మూడో ఏడు "లేదు" అని రాసింది నా చేతేనని. ఆమె నిలబడే వింది. ఎవరో సెలైన్ అయిపోయిందని పిలిస్తే వెళ్ళి, మార్చి, మళ్ళీ వచ్చి అదే చోట నిలబడింది.

"అయితె మమ్ముల పిలిచింది?"

"నోటికి పిలిచిన."

"ఉత్తగనా?"

అవునన్నాను.

"మేం ఏడుగురం దినాం గదే ఆడుకునేది సార్, గుడిసెల కాడ. ఒకలు సారు, మిగిలినోళ్ళు ఉన్న సార్, ఉన్న సార్..." అని ఆగిపోయింది. తర్వాత గొంతు మార్చి, రోగితో మాట్లాడినట్టు అడిగింది. "నేను మీ బడికి వచ్చిన నాడు గిది చెప్తె మీకేమయ్యేది?"

"పెన్షన్ ఆగుతదేమో అని భయపడ్డ."

"ఆగేదా?"

"ఏమో. ఆగకపోవచ్చు గూడ."

"నాదైతె ఆగింది," అంది. కోపంగా కాదు. రక్తపోటు ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

క్షమించమని అడిగాను. ఆమె దానికి జవాబివ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. "ఆదివారం నాకు డ్యూటీ లేదు గని, ఆఫీసు ఉండది. సోమవారం సెలవు పెడత. భూపాలపల్లికి రాండ్రి," అంది.

సోమవారం జనగామ నుంచి తెల్లవారుజాము బస్సు పట్టుకున్నాను. చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించేసరికి సంచిలో అఫిడవిట్ ఉందో లేదో మళ్ళీ చూసుకున్నాను. ఆమె బస్టాండులో ఉంది. ఇద్దరం ఆటోలో బడికి వెళ్ళాం. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడు పాత ప్రవేశ రిజిస్టర్ తీసి బల్ల మీద పరిచాడు. మేడం చేతిరాత గుండ్రంగా, నీలం సిరాలో. ఆ గడుల్లో మాత్రం నా గొలుసుకట్టు. ఒకదాని కింద ఒకటి, ఏడు "లేదు"లు.

ఆమె వేలు పెట్టి తన వరుస వెతుక్కుంది. ఆ మాట దగ్గర వేలు ఆగింది. చదివి, ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

వంట అవ్వ ఇంకా బతికే ఉంది. చూపు మందగించింది. కబురు పంపితే కర్ర పట్టుకుని వచ్చి, సాక్ష్యంగా నిశానీ వేస్తానంది. "రెండేండ్లు అన్నం పెట్టిన. నా చెయ్యి మర్చిపోతదా?" అని, నావైపు తిరిగి, "ఇప్పుడు తెలిసిందా సారూ లెక్క ఎవలు రాస్తరో?" అంది. ఆ అమ్మాయి ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టి, అలవాటుగా నాడి చూసింది.

భూపాలపల్లి విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా నేను రాయించుకుపోయిన అఫిడవిట్ రెండుసార్లు చదివాడు.

"సార్, మీరు మీ మీదనే రాసుకుంటున్నరు. మంచిగ ఆలోచించుకున్నరా?"

"ఆలోచించుడే ఎక్కువైంది తమ్మీ."

"రిజిస్టర్లనేమొ లేదు అని ఉన్నది. మీరేమొ ఉన్నది అంటున్నరు. రెండింటి మీద సంతకం మీదే. ఏది నమ్మాలె?"

నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది. "రెండోది రాస్తె ఆయనకు వచ్చేదేం లేదు సార్. గందుకని నమ్మండ్రి."

గుమాస్తా ఆమెను తేరిపార చూసి, పైకి పంపుతానన్నాడు. అవుతుందో కాదో చెప్పలేనన్నాడు. ఒప్పుకుంటే వచ్చే నోటిఫికేషన్‌కు పనికొస్తుంది, అది ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. పోయిన ఉద్యోగం పోయినట్టే. ఆమెతో నర్సింగ్ చదివిన ఇద్దరు ఇప్పుడు సర్కారు దవాఖానాలో ఉన్నారు. ఆమె చేస్తున్న పనే చేస్తున్నారు.

బయటికి వచ్చాం. జిరాక్స్ షాపు ముందు బల్ల మీద కూర్చున్నాం. నేను తిరుగు బస్సు సంగతి అడగబోతుంటే ఆమె ఫైలులోంచి తెల్లకాగితాలు తీసి నా ముందు పెట్టింది.

"ఇంకా ఉన్నయ్ సార్."

"ఏంది బిడ్డా?"

"మేం ఏడుగురం గద. నాది ఒక్కదానిదే రాసిండ్రు. కడమ ఆరుగురివి రాయాలె."

కలం తీసి, ఆ రెండేళ్ళూ ఈ పిల్లలు నా బడిలో చదివారని పైన రాశాను. మొదటి పేరు రాశాను. రెండో పేరు, మూడో పేరు. నాలుగోది గుర్తు రాలేదు. రెండేళ్ళు రోజూ పుస్తకం చూడకుండా పిలిచిన పేరు. కళ్ళు మూసుకుని ఆ వరండాను, ఆ వరుసను తెచ్చుకున్నాను. మొహం వచ్చింది, పేరు రాలేదు.

ఆమె చెప్పింది. నేను రాశాను. ఐదోది కూడా ఆమే చెప్పింది.

ఆరో పిల్లవాడి దగ్గర నేను ఆగాను. నాలుగో తరగతిలోనే బడి మానేశాడని, టేకుమట్ల వైపు పత్తి చేలల్లో కూలికి పోతున్నాడని ఆటోలో ఆమే చెప్పింది.

"అతనికెందుకు బిడ్డా? చదువు బందయింది గద. కాగితంతోని ఏం చేస్తడు?"

"వాడు ఆ రెండేండ్లు బడికి వచ్చిండా, రాలేదా సార్?"

"వచ్చిండు."

"మరి రాయండ్రి."

రాశాను. ఆమె కాగితం తీసుకుని, ఏడో పేరు అప్పటికే వేరే అఫిడవిట్‌లో ఉన్నా, అన్నింటి కింద తన పేరు కూడా నాతో మళ్ళీ రాయించింది. ఒకే కాగితం మీద ఏడుగురూ ఉండాలట. అక్షరాలు సరిచూసి, ఒక దీర్ఘం తప్పుంటే దిద్దించి, మిగతావాళ్ళకు తలా ఒకటని ఆరు కాపీలు జిరాక్స్‌కు ఇచ్చింది.